సెలవులు బిడ్డవి, పంతములు పెద్దలవి

బడికి సెలవులనిన బాలురకు పండుగ. కాని తలిదండ్రులు వేరుపడిన యింటి బిడ్డకు అదియే సంకటకాలము. తల్లి రొంపిచెర్లలో పుట్టింటనున్నది, తండ్రి నరసరావుపేటలో నున్నాడనుకొందము. నడుమ దూరము స్వల్పమే. రెండు కుటుంబముల పంతము దానిని దాటరాని యేరుగా జేయును. తండ్రి పంపుమనును, తల్లి పంపననును. పెద్దమనుష్యులు కూర్చుండి ఎవరి పరువు నిలిచెనని విచారింతురే కాని, బిడ్డ మనసేమని యడుగువారరుదు.

ధర్మమిచట సందిగ్ధముగా లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 13వ సెక్షను బిడ్డ క్షేమమే సర్వోపరి యని శాసించినది. వివేకముతో ఇష్టము తెలుపగల బిడ్డ మాటను న్యాయస్థానము పరిగణింపవచ్చునని 1890 నాటి చట్టమే చెప్పినది. ఇటునుండి అటు విసరుటకు బిడ్డ జడపదార్థము కాదనియు, ఇరువురి ప్రేమయు బిడ్డకు హక్కనియు 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1992లో భారతదేశ మంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికయు ఇదే చాటుచున్నది. కావున సెలవుల రాకపోకలు తండ్రికి దయతో నిచ్చు దానము గాదు, తల్లికి విధించు శిక్షయు గాదు. అవి బిడ్డ సొత్తు.

అట్లని, కొట్టువాని చేతికి, త్రాగి తూలువాని యింటికి బిడ్డ నప్పగింపుమని యెవరును చెప్పరు. బిడ్డ క్షేమమునకు విరుద్ధమైనచో నీ నియమము చెల్లదని ఆ యొడంబడికయే మినహాయించినది. అట్టిచోట నమ్మకమైన పెద్దల సమక్షమున చూపుట యుక్తము. కాని నిజమైన భయము వేరు, భయమను పేర సాగించు పగ వేరు.

భరణ మీయలేదని బిడ్డ నాపుటయు, బిడ్డను చూపలేదని భరణ మాపుటయు అత్తమీది కోపము దుత్తమీద చూపుటయే. బాకీకి దావా కలదు. బిడ్డ తాకట్టు వస్తువు కాదు.

కోర్టు ఉత్తర్వు తేదీని నిర్ణయింపగలదు గాని ప్రేమతో సాగనంపజాలదు. అది యింటివారి పని. ఏనాడు పోవలెనో, ఎవరు తోడు వత్తురో, ఎన్నడు మరలవలెనో ముందే వ్రాసికొనుడు. తిరిగివచ్చిన బిడ్డను గూఢచారినివలె ప్రశ్నింపకుడు. అచట సంతోషముగా నుంటినని చెప్పుటకు బిడ్డ జంకినచో ఆ తప్పు మనదే.

ఏటేట కార్తీకమున కారెంపూడిలో వీరులను కొలుచు పల్నాటివారము మనము. దాయాదుల పంతమునకు బాలచంద్రుని లేబ్రాయము బలియైన కథ మనకు క్రొత్తగాదు. ఇంటింట నా కథను మరల నడపకుందుము గాక!