వాట్సాప్‌లో దరఖాస్తు పెట్టారు సరే.. సర్టిఫికెట్ ఎక్కడ ఆగింది?

భీమునిపట్నంలో పిల్లల ఫీజు కోసం ఆదాయ ధ్రువపత్రం కావాలన్నా, ఇంటి పన్ను కట్టాలన్నా మీకిప్పుడు వినిపించే సలహా ఒకటే: ‘వాట్సాప్‌లో పెట్టుకోండి’. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను ప్రారంభించింది. 95523 00009కు ‘హాయ్’ అని పంపితే మెనూ వస్తుంది. మరి ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పినట్టేనా?

సగం తప్పింది.

కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్, పరీక్షా ఫలితాలు ఫోన్‌లోనే మొదలై ఫోన్‌లోనే ముగుస్తాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాల సంగతి వేరు. ఫోన్ నుంచి వెళ్లేది దరఖాస్తు మాత్రమే. విచారించాల్సింది వీఆర్వో, ఆపై ఆర్‌ఐ. సంతకం తహసీల్దార్‌ది. అది డిజిటల్ సంతకమే అయినా దాని వెనక విచారణ మనుషులు చేసేదే. 2011లో మీసేవ వచ్చినప్పుడూ, 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలైనప్పుడూ ఇదే తీరు. కౌంటర్ మాత్రం సెంటర్ నుంచి వార్డుకు, అక్కడి నుంచి మీ జేబులోకి వచ్చింది.

ఇంకో తికమక ఉంది. 1861లోనే మున్సిపాలిటీ అయిన భీమిలి ఇప్పుడు జీవీఎంసీలో భాగం. ఇంటి పన్ను జీవీఎంసీ చూస్తుంది, ఆదాయ పత్రం రెవెన్యూ శాఖ ఇస్తుంది. మెనూ ఒకటే కావడంతో ఆలస్యమైతే ఎవరిని అడగాలో అర్థం కాదు. ‘సర్వర్ డౌన్’ అని చెప్పడానికి కౌంటర్‌లో కనీసం ఒక మనిషైనా ఉండేవాడు!

అసలు చిక్కు ఓటీపీ దగ్గర. ఆధార్‌తో ముడిపడిన సేవలకు అది ఆధార్‌కు లింకైన నంబరుకే వెళ్తుంది. ఆ సిమ్ వేటకెళ్లిన ఇంటాయన దగ్గరుంటే, సముద్రంలో కొంత దూరం పోయాక సిగ్నలే ఉండదు. రీఛార్జి లేక ఆ నంబరే పోయి ఉంటే ఓటీపీ రాదు, పని జరగదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు సరిచేయించుకోవడానికి మత్స్యకార కుటుంబాలకు అదే వీలైన సమయం. 2025లో రూ.20 వేలకు పెంచిన నిషేధ భృతి బ్యాంకు ఖాతాలో పడాలన్నా ఆధార్ వివరాలు సరిగ్గా ఉండాలి.

దరఖాస్తు పెట్టగానే వచ్చే నంబరును స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. పని కదలకపోతే దాంతో ముందు వార్డు సచివాలయంలో అడగండి. అక్కడా తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అదే నంబరు రాసి అర్జీ ఇవ్వండి.