ఉమ్మడి కంప్యూటర్‌ను నిలబెట్టేదెవరు?



పదవ తరగతి ఫలితాలు వెలువడే రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫలితాలు వచ్చాయన్న వార్త వినగానే లక్షలాది మంది ఒకేసారి హాల్ టిక్కెట్ నంబర్లు కొట్టి చూస్తారు. ఒక్కోసారి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, మార్కులు మాత్రం కనిపించవు. ఓ అరగంట ఆగి అదే నంబరు కొడితే వెంటనే వచ్చేస్తాయి. ఈలోగా మీ మార్కులు మారలేదు. మారినదల్లా అడిగేవాళ్ల సంఖ్య.

పది మందికి చక్కగా పనిచేసే ఏర్పాటు పది లక్షల మందికి ఎందుకు పనిచేయదు? దాన్ని అందరికీ సరిపోయేలా పెంచడం ఎలా? పెంచిన తరువాత దాన్ని ఎవరు చూసుకోవాలి? మొదటి రెండు ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రం దారి చూపుతుంది. మూడవది మాత్రం మనందరం కలిసి తేల్చుకోవలసినది. నా అభిప్రాయం చెప్పబోయేది ముఖ్యంగా దాని గురించే.

మేఘం నేల మీదే ఉంది

క్లౌడ్ కంప్యూటింగ్ అనే మాట మీరు వినే ఉంటారు. క్లౌడ్ అంటే మేఘం. పేరు మేఘమే గాని అది ఆకాశంలో ఉండదు. పెద్ద పెద్ద గదులలో వరుసలుగా పేర్చిన వేలాది కంప్యూటర్లే ఆ మేఘం. వీటిని సర్వర్లు అంటారు. మన ఇంట్లో దీపం వెలగడానికి మనమే జనరేటర్ పెట్టుకోనక్కరలేదు గదా! తీగ ద్వారా వచ్చే విద్యుత్తును కావలసినంత వాడుకుంటాం. కంప్యూటర్ శక్తిని కూడా అలాగే దూరం నుంచి వాడుకోవడమే క్లౌడ్ కంప్యూటింగ్.

అయితే వేల సర్వర్లను ఒకచోట పేర్చినంత మాత్రాన మేఘం తయారు కాదు. ఏ సర్వరు ఖాళీగా ఉంది, ఏది చెడిపోయింది, ఇప్పుడు వచ్చిన పనిని దేనికి అప్పగించాలి అని క్షణక్షణమూ చూసుకునే ఒక ప్రోగ్రాము కావాలి. దీన్ని కంపెనీల నుంచి అద్దెకు తీసుకోవచ్చు. అప్పుడు లోపల ఏముందో మనకు తెలియదు. లేదా ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును వాడుకోవచ్చు. దాన్ని ఎలా రాశారో ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు.

నాసా మొదలుపెట్టిన పని

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు కాలిఫోర్నియాలో ఏమ్స్ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడి వారు నెబ్యులా అనే మేఘాన్ని నిర్మించదలచారు. మొదట వారు యూకలిప్టస్ అనే ప్రోగ్రామును వాడారు. ఇది చెట్టు కాదు సుమా! కాలిఫోర్నియాలోనే శాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రోగ్రాము పేరు. తమకు కావలసినంత పెద్ద ఏర్పాటుకు అది సరిపోవడం లేదనీ, అందులో కొంత భాగం మూసి ఉండడం వల్ల తాము సరిచేసి ఇవ్వలేకపోయామనీ నాసా వారు చెప్పారు. అప్పుడు వారే నోవా అనే కొత్త ప్రోగ్రాము రాసి, దాన్ని అందరికీ వదిలిపెట్టారు.

అదే సమయంలో టెక్సస్ రాష్ట్రంలోని రాక్‌స్పేస్ కంపెనీ, సమాచారాన్ని భద్రపరచే తన ప్రోగ్రామును అందరికీ ఇవ్వడానికి సిద్ధపడింది. దాని పేరు స్విఫ్ట్. 2010 జులైలో ఈ రెండూ కలిసి ఓపెన్‌స్టాక్ పుట్టింది.

ఏనుగు కణం, ఎలుక కణం

ఇక పెంచడం సంగతి. జీవశాస్త్రంలో మీరు చదివిన విషయం ఒకటి గుర్తు చేసుకోండి. ఏనుగు ఎలుక కన్నా ఎన్నో వేల రెట్లు పెద్దది. మరి ఏనుగు కణం ఎలుక కణం కన్నా అన్ని వేల రెట్లు పెద్దదా? కాదు. రెండిటి కణాలూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. ఏనుగులో కణాల సంఖ్య ఎక్కువ, అంతే.

కణమే ఎందుకు పెద్దది కాకూడదు? లెక్క వేసి చూడండి. భుజం 1 సెంటీమీటరు ఉన్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. భుజం 10 సెంటీమీటర్లయితే ఉపరితలం 600, ఘనపరిమాణం 1000. ఉపరితలం 100 రెట్లే పెరిగింది. లోపలి భాగమేమో 1000 రెట్లు పెరిగింది. కణానికి ఆహారం, ప్రాణవాయువు అందేది పైపొర ద్వారానే. కణం మరీ పెద్దదైతే లోపలి భాగానికి సరఫరా చాలదు. అందుకే ప్రకృతి కణాన్ని పెంచుకుంటూ పోకుండా కణాల సంఖ్యను పెంచింది.

మేఘంలోనూ ఇటువంటి చిక్కే వచ్చింది. నోవాలో ప్రతి సర్వరూ సాధారణంగా 10 సెకన్లకొకసారి ‘నేను పనిచేస్తున్నాను’ అని కేంద్రానికి కబురు పంపుతుంది. 100 సర్వర్లుంటే సెకనుకు 10 కబుర్లు. 9,000 సర్వర్లుంటే సెకనుకు 900 కబుర్లు! అసలు పని గురించిన ఉత్తరప్రత్యుత్తరాలు వీటికి అదనం. అన్నీ ఒకే వాకిలి గుండా పోవాలి, ఒకే చిట్టాలో నమోదు కావాలి. సర్వర్లు ఖాళీగానే ఉన్నా వాకిలి దగ్గర వరుస పెరిగిపోతుంది.

దీనికి దొరికిన ఉపాయం పేరు కూడా ‘సెల్స్’, అనగా కణాలే! సర్వర్లను జట్లుగా విడదీశారు. ప్రతి జట్టుకూ సొంత చిట్టా, సొంత వాకిలి ఉంటాయి. ఏ కబురు ఏ జట్టుకు పంపాలో చూడడమే కేంద్రం పని. ఒక జట్టు చెడిపోయినా తక్కినవి నడుస్తూ ఉంటాయి. అంటే పెద్ద ఏర్పాటు నిలబడాలంటే అది చిన్న చిన్న ఏర్పాట్లుగా విడిపోవడం నేర్చుకోవాలన్నమాట.

సెర్న్ చూపిన దారి

ఈ ఉపాయాన్ని బాగా పరీక్షించిన సంస్థలలో ఒకటి సెర్న్. స్విట్జర్లాండులో జెనీవా నగరం పక్కన ఉన్న ఈ భౌతికశాస్త్ర పరిశోధనాలయంలో, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టిస్తారు. వచ్చే సమాచారాన్ని విశ్లేషించడానికి అపారమైన కంప్యూటర్ శక్తి కావాలి. 2013లో సెర్న్ ఓపెన్‌స్టాక్‌తో తన మేఘాన్ని ప్రారంభించింది. 2018 నాటికి అది దాదాపు 9,000 సర్వర్లకు, 70కి పైగా జట్లకు పెరిగింది. మన దేశం 2017 నుంచి సెర్న్‌లో అనుబంధ సభ్యదేశం.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. జట్లుగా విడదీసే పద్ధతిని ముందుగా రాసింది రాక్‌స్పేస్ ఇంజనీర్లు. అందులో లోపాలు బయటపడ్డాయి. సెర్న్ వంటి పెద్ద సంస్థలు వాటిని కనిపెట్టి, సరిచేసి, ఆ దిద్దుబాట్లను అందరికీ తిరిగి ఇచ్చాయి. ఆ పద్ధతిని తరువాత మళ్లీ కొత్తగా రాశారు. 2017 నుంచి నోవాను ఎవరు నెలకొల్పినా, నాలుగు సర్వర్లతో మొదలుపెట్టినా సరే, కణాల పద్ధతిలోనే మొదలుపెడతారు. పెద్దవాళ్లు పడిన కష్టం చిన్నవాళ్లకు ఉచితంగా అందిందన్నమాట. మూసిన ప్రోగ్రాములో ఈ మేలు ఆ కంపెనీ దగ్గరే ఆగిపోయేది.

ఉచితం అంటే ఖర్చు లేదనా?

‘అయితే ప్రభుత్వాలన్నీ ఓపెన్ సోర్స్ మేఘాలనే వాడేస్తే సరిపోతుంది గదా!’ అని మీరు అనవచ్చు. అంత తొందర వద్దు. కథలో ఒక మలుపు ఉంది. నోవాను కన్న నాసాయే 2012లో దాని నిర్మాణం నుంచి తప్పుకుని, కంపెనీ మేఘాన్ని అద్దెకు తీసుకునే వైపు మొగ్గింది. అద్దెకు తీసుకునేవారి వాదనలోనూ బలముంది. ఫలితాల రోజున ఒక్క పూట వంద రెట్ల శక్తి కావాలి. ఆ ఒక్క పూట కోసం ఏడాది పొడుగునా సర్వర్లను పోషించడం దండుగ. పైగా సొంత మేఘాన్ని నడపడానికి రాత్రింబగళ్లు నిపుణులు కావాలి.

ఈ వాదనను నేను కాదనను. అవసరమైనప్పుడు అద్దెకు తీసుకోవలసిందే. కాని ఇల్లు అద్దెకు తీసుకోవడం వేరు, ఇల్లు కట్టడం మరచిపోవడం వేరు. ప్రజల రికార్డులు, పిల్లల పాఠాలు, ఆసుపత్రి సేవలు మనకు తెలియని ప్రోగ్రాము మీద మాత్రమే నడిస్తే, రేపు అద్దె పెరిగినా, షరతులు మారినా చేయగలిగింది ఉండదు. అందుచేత ప్రజల సొమ్ముతో నడిచే ఏర్పాటులో ప్రోగ్రాము తెరిచి ఉండాలి, దాన్ని విప్పి బిగించగల మనుషులు మన దగ్గర ఉండాలి. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములకు ప్రాధాన్యమివ్వాలని మన కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక విధానం ప్రకటించింది. 2017లో మొదలైన దీక్షా కూడా సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము మీదే నిర్మించబడింది. దారి మంచిదే. దారి పొడుగునా నడిచే మనుషులు కావాలి.

మన ఊరి చెరువును తలచుకోండి. కాకతీయుల కాలంలో తవ్వించిన చెరువులు శతాబ్దాల పాటు నిలిచాయంటే కారణం తవ్వించిన రాజులే కాదు. తూము తెరిచి మూసే నీరటి, ఏటేటా పూడిక తీసిన రైతులు కూడా కారణమే. చెరువు అందరిదీ అన్నారు గాని పూడిక తీయడం ఎవరి పనీ కాదనుకున్న చోట చెరువు మిగలలేదు. ఓపెన్ సోర్స్ కూడా అంతే. అందరూ నీళ్లు తోడుకునేవారే అయితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

కాబట్టి నేను మీకు చెప్పేది ఒకటే. నోవాను రాసిన భాష పైథాన్. దాన్ని మీ వయసులో నేర్చుకోవచ్చు. కంప్యూటర్ లేకపోయినా బళ్లో ఉన్నదాని దగ్గర నలుగురు కలిసి కూర్చోవచ్చు. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును వాడుతున్నప్పుడు తప్పు కనబడితే, దాన్ని తయారుచేసేవారికి వివరంగా తెలియజేయండి. దాని సూచనల పుస్తకాన్ని తెలుగులోకి తేవడం కూడా పూడిక తీయడమే. ఈసారి ఫలితాల రోజున తెర మీద చక్రం తిరుగుతుంటే విసుక్కోకండి. వరుస ఎక్కడ ఆగిందో, దాన్ని ఎన్ని జట్లుగా విడదీయవచ్చో కాగితం మీద గీసి చూడండి.