చెవులు మూసుకున్నాకే వినిపించింది

టోక్యోలో మా ఆఫీసులో నా పక్క సీటాయన రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడడు. టెస్టింగ్ టీమ్. మన కోడ్‌లో ఎంత ఘోరమైన తప్పు దొరికినా "వీలైతే ఒకసారి చూడగలరా" అని రాసే రకం. అలాంటి మనిషి ఓ శుక్రవారం సాయంత్రం నా టేబుల్ మీద చిన్న కాగితం పెట్టి, "రేపు ఖాళీనా? నా షో ఉంది" అన్నాడు.

ఏం వాయిస్తారండీ అని అడిగా. కాసేపు ఆలోచించి "మిక్సర్" అన్నాడు. నాకు మా అమ్మ అల్లం పచ్చడి చేసే మిక్సీ గుర్తొచ్చింది. పెద్ద తేడా లేదని మర్నాడు రాత్రికి తెలిసింది.

నేనుండేది నిషి-కసాయ్‌లో. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఏరియా. అక్కణ్నుంచి తోజాయ్ లైన్ పట్టుకుని నకానోలో రైలు మారితే తర్వాతి స్టేషనే కోయెంజీ. పాత బట్టల షాపులు, పంక్ కుర్రాళ్లు, సన్నటి సందులు. క్లబ్‌ని రెండుసార్లు దాటేసి ముందుకెళ్లిపోయా. రోడ్డు మీద బోర్డే లేదు, మెట్లు దిగితే బేస్‌మెంట్‌లో ఉంది. అక్కడ వీటిని 'లైవ్ హౌస్' అంటారు. టికెట్ కొన్నాక ఒక డ్రింక్ కూడా కొని తీరాలి. లోపల మన అపార్ట్‌మెంట్ హాలు రెండు కలిపినంత చోటు, నల్ల గోడలు, కుర్చీల్లేవు, మహా అయితే ముప్పై మంది.

కౌంటర్ దగ్గరమ్మాయి డ్రింక్ టోకెన్‌తో పాటు పసుపు రంగు ఇయర్ ప్లగ్స్ ఇవ్వబోయింది. నవ్వి వద్దన్నా. గణేశ్ నిమజ్జనానికి డీజే బండి పక్కనే నాలుగు గంటలు స్టెప్పులేసిన బ్యాచ్ మనది! ఆ 'వద్దు' సంగతి తర్వాత చెప్తా.

మొదట ఒక పెద్దావిడ వచ్చింది. మా పెద్దమ్మ వయసుంటుంది. చేతిలో తుప్పు పట్టిన రేకు ముక్క. దానికి రూపాయి బిళ్లంత కాంటాక్ట్ మైక్ అతికించి ఉంది. మామూలు మైక్ గాల్లో వచ్చే శబ్దాన్ని పడుతుంది, ఇదేమో వస్తువు వణుకునే నేరుగా పట్టేస్తుంది. ఆవిడ గోటితో రేకు మీద మెల్లగా గీసింది. అంతే, నా వెనకాల లారీ బ్రేకేసినట్టయింది. ఆ శబ్దాన్ని పెడల్స్‌లోంచి పంపి చీల్చి, సాగదీసి, మళ్లీ మళ్లీ తిప్పుతుంటే రేకు అన్న సంగతే మర్చిపోతాం.

నిజం చెప్పాలంటే మొదటి అయిదు నిమిషాలు నరకం. ఎందుకో తెలుసా? మెదడు ట్యూన్ కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. తాళం దొరుకుతుందేమో, ఎక్కడైనా బీట్ పడుతుందేమో అని. పాట నచ్చకపోతే పదో సెకన్‌లో స్కిప్ కొట్టే అలవాటు కదా, బొటనవేలు జేబులోని ఫోన్ కోసం తడుముకుంది. చుట్టూ చూస్తే అందరూ చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, గుళ్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఒక్కడి ఫోన్ కూడా వెలగలేదు.

రెండో ఆయన గురించి చెప్పడానికేం లేదు. ల్యాప్‌టాప్ తెరిచాడు, పది నిమిషాలకి మూసేశాడు.

ఇదేదో నిన్నగాక మొన్న పుట్టిన పిచ్చి అనుకోకండి. 1913లో లుయీజీ రుస్సోలో అనే ఇటలీ చిత్రకారుడు, యంత్రాలొచ్చాక మన చెవులు మారాయి, ఇక సంగీతం కూడా మారాలి అని రాశాడు. మోత పుట్టించే పెట్టెలు తయారుచేసి 1914లో మిలాన్‌లో కచేరీ పెడితే జనం గోల గోల చేశారు. జపాన్‌లో కథ 1979లో మొదలైంది. క్యోటోలో హిజోకైదాన్ పుట్టింది, ఆ పేరుకి అర్థం 'ఎమర్జెన్సీ మెట్లు'. టోక్యోలో మసామి అకిత 'మెర్జ్‌బౌ' అనే పేరుతో మొదలుపెట్టాడు. ఆయన 2000లో ఒకే పెట్టెలో 50 సీడీలు రిలీజ్ చేశాడు. యాభై! అన్నీ వరసగా విన్నవాళ్లెవరైనా ఉంటే కాళ్లకి దండం పెడతా. 1985లో హనతరాష్ అనే గ్రూపయితే ప్రేక్షకుల చేత ముందే పూచీ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, మన జేసీబీ లాంటి మెషీన్‌ని క్లబ్ లోపలికి నడిపింది.

వీటన్నిటికంటే నాకు బాగా నచ్చింది 'ఇన్‌కపాసిటెంట్స్' జంట కథ. 1981లో మొదలుపెట్టిన మికావా బ్యాంకు ఉద్యోగి, తర్వాత జత కలిసిన కొసకాయ్ గవర్నమెంట్ ఉద్యోగి. పగలంతా ఫైళ్లు, రాత్రి చూస్తే స్టేజీ మీద పూనకం. ఈ లెక్కన మా టెస్టింగాయన వింత మనిషేం కాదు, సంప్రదాయం పాటిస్తున్నాడంతే.

ఆయన మూడో వంతు. ఆఫీసుకి వేసుకొచ్చే తెల్ల చొక్కాయే. టేబుల్ మీద చిన్న మిక్సర్, అయిదారు పెడల్స్, వైర్లు. గిటార్ లేదు, మైక్ లేదు. మరి శబ్దం ఎక్కణ్నుంచి? మిక్సర్‌లోంచి బయటికొచ్చే వైర్‌ని తీసుకెళ్లి అదే మిక్సర్ లోపలికి గుచ్చాడు. పెళ్లి పందిట్లో మైక్ పట్టుకుని స్పీకర్ ముందుకెళ్తే 'కుయ్య్య్' మని మోగుతుందే, అదే ఫీడ్‌బ్యాక్. ఇక్కడ మైక్ కూడా లేదు. యంత్రం తనలో తానే గొణుక్కుంటుంది, మనిషి దాని చెవి మెలితిప్పుతాడు. టోక్యోలోనే తోషిమారు నకమురా అనే సంగీతకారుడు ఈ పద్ధతికి పేరు తెచ్చాడు. ఆయన వినిపించేది చాలావరకు మెత్తగా, నెమ్మదిగా ఉంటుంది. మావాడు మాత్రం నాబ్ మొత్తం తిప్పేశాడు.

బాబోయ్! గుండెల్లో, పళ్లలో, కాలి చెప్పులో కూడా మోగింది. రోజూ "వీలైతే" అనే మనిషి కింది పెదవి కొరుక్కుంటూ, టేబుల్ మీదికి వంగిపోయి, ఎవరితోనో కొట్లాడుతున్నట్టున్నాడు. పదిహేను నిమిషాలు నేనూ మొండిగా నిలబడ్డా. తర్వాత ఎడమ చెవిలో సూది దిగినట్టయ్యి వెనక్కి పరిగెత్తా.

కౌంటర్ అమ్మాయి ఒక్క మాట అనకుండా ప్లగ్స్ తీసిచ్చింది. ఎలా పెట్టుకోవాలో సైగలతో చూపించింది. వేళ్లతో నలిపి సన్నగా చేసి, రెండో చేతిని తల మీంచి తెచ్చి చెవి పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోవాలి. అప్పటిదాకా ఇయర్ ప్లగ్ అంటే దూది కుక్కినట్టు కుక్కుకోవడమే అనుకున్నా.

అప్పుడు విన్నా. అప్పటిదాకా ఒకే గోడలా మీద పడ్డ మోత పొరలు పొరలుగా విడిపోయింది. అడుగున ఫ్యాన్ తిరుగుతున్నట్టు నిదానమైన ఊపు. దాని మీద వాన రేకుల షెడ్డు మీద కొట్టినట్టు టపటప. ఎక్కడో పైన సన్నటి ఈల, ఆయన చిటికెన వేలు కదిలినప్పుడల్లా వంకర తిరుగుతోంది. ప్రతి చిన్న మార్పూ ఆయన చేతిలోంచే వస్తోంది! మరీ పెద్ద శబ్దంలో చెవి అన్నీ కలిపేసుకుంటుంది, కాస్త తగ్గించి ఇస్తేనే విడదీస్తుంది. మిగిలిన పది నిమిషాలు నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డా. ట్యూన్ వెతకడం ఎప్పుడు ఆపేశానో తెలీదు.

ఠక్కున ఆగింది. ఆయన వంగి దండం పెట్టి, వైర్లు ఒక్కొక్కటే చుట్ట చుట్టుకుని బ్యాగులో సర్దుకున్నాడు. రేకు పెద్దావిడ ఆయనకి "ఒత్సుకారెసమా" చెప్పింది. ఆఫీసు నుంచి ఇంటికెళ్లేటప్పుడు అందరూ చెప్పుకునే మాటే, అలసిపోయారండీ అన్నట్టు. ఆఖరి రైలు కోసం అందరూ పరుగు.

సోమవారం సీట్లో కూర్చోగానే ఆయన అడిగిన మొదటి మాట, "చెవులు బావున్నాయా?" బావున్నాయన్నా. అబద్ధం. ఎడమ చెవిలో సన్నగా కూత ఆగలేదు.

లెక్క చూస్తే భయమేసింది. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు భరించొచ్చు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగమైపోతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. ఆ రాత్రి నా ఫోన్ యాప్ 112 చూపించింది. ఫోన్ మైక్‌ని పూర్తిగా నమ్మలేం గానీ, నిజంగా అంతే ఉంటే నిమిషం కూడా ఉండకూడదు. చెవి లోపలి కేశకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు.

రెండు వారాలయ్యాక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికెళ్లా. పరీక్ష చేస్తే గ్రాఫ్‌లో 4,000 హెర్ట్జ్ దగ్గర చిన్న గుంట. పెద్ద శబ్దాల వల్ల వచ్చే నష్టానికి అదే గుర్తట. కోయెంజీ కథంతా చెప్పా. ఆయన విని, "ఇయర్‌ఫోన్స్ ఎన్నేళ్లుగా వాడుతున్నారు?" అనడిగాడు. ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నుంచి, ఫుల్ వాల్యూమ్‌లో, దాదాపు పదేళ్లు. ఈ గుంట ఆ పదిహేను నిమిషాలదో, ఆ పదేళ్లదో ఇప్పుడు తేల్చలేమన్నాడు.

సంగతి మా టెస్టింగాయనకి చెప్పేశా. చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు నా కీబోర్డ్ పక్కన చిన్న డబ్బా, లోపల కడిగి వాడుకునే సిలికాన్ ప్లగ్స్. పక్కనే వచ్చే నెల షో కాగితం. దాని మీద పెన్సిల్‌తో రాసి ఉంది: "వీలైతే, కాస్త వెనక నిలబడగలరా."