పెరగని కుందేలు కావాలా?



"పెద్దయినా పెరగని బుల్లి కుందేలు ఎక్కడ దొరుకుతుంది సార్?" అని మొన్న మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం మీ అందరికీ చెప్పవలసినది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చేలల్లో చెవులపిల్లి దూకి పారిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. మెడ వెనుక నల్లమచ్చ ఉండే ఆ జంతువు మన నేలది. బోనులో పెంచే కుందేలు దాని సంతానం కాదు. చెవులపిల్లి కణాల్లో 48 క్రోమోజోములుంటే, కుందేలు కణాల్లో 44 ఉంటాయి. పెంపుడు కుందేళ్ళన్నిటికీ మూలపురుషుడు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల అడవి కుందేలు.

మా విద్యార్థి అడిగిన బుల్లి రకం పేరు నెదర్లాండ్ డ్వార్ఫ్, అంటే హాలెండు పొట్టి కుందేలు. పూర్తిగా ఎదిగినా బరువు సుమారు ఒక కిలో. బంతిలాంటి తల, పొట్టి మూతి, పెద్ద కళ్ళు, రెండంగుళాల చెవులు. చిన్న తెల్ల కుందేళ్ళను చిన్నపాటి అడవి కుందేళ్ళతో సంకరపరచి హాలెండువారు దీన్ని తయారుచేశారు. 1940లో అక్కడ దీనికి జాతిగా గుర్తింపు వచ్చింది. గుండ్రని ముఖం, పెద్ద కళ్ళు చూస్తే మనకు పసిపాప గుర్తుకొస్తుంది, ముద్దు పుడుతుంది. ఈ సంగతిని కాన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు 1943లోనే వివరించాడు.

ఇక అసలు లెక్క. మెండెల్ బఠాణీ మొక్కల పాఠం గుర్తుందా? ఈ కుందేలుకు ఒక పొట్టి జన్యువు, ఒక మామూలు జన్యువు ఉంటాయి. అటువంటి రెండింటిని జతపరిస్తే ఏమవుతుందో గడులు గీసి చూడండి. నాలుగింట ఒక వంతు పిల్లలు మామూలువి, రెండు వంతులు పొట్టివి. మిగిలిన వంతుకు రెండూ పొట్టి జన్యువులే వస్తాయి. అవి మరీ చిన్నగా పుట్టి కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. ఒక జన్యువులో కొంత భాగం ఊడిపోవడమే ఇందుకు కారణమని 2017లో పరిశోధకులు కనుగొన్నారు. పుస్తకంలోని 1:2:1 నిష్పత్తి బోనులో 1:2గా మిగులుతుందన్న మాట! ఆ చనిపోయే పిల్లలను పాశ్చాత్య దేశాల పెంపకందార్లు 'వేరుశనగకాయలు' అంటారు. వేరుశనగ పండించే మనకు ఆ మాట వింటే మనసు చివుక్కుమనదా?

అలాగని పొట్టి కుందేళ్ళన్నీ రోగిష్ఠివని కాదు. బాగా చూసుకుంటే ఏళ్ళ తరబడి హాయిగా బతుకుతాయి. అయితే మూతి మరీ పొట్టిదైతే పై పళ్ళు, కింది పళ్ళు సరిగా కలవకపోవచ్చు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి రాసుకొని అరగకపోతే మేత మేయడమే కష్టం.

మన అమ్రాబాద్ కొండల్లోని పొడతూర్పు పశువులను చూడండి. తెల్లని ఒంటిపై గోధుమరంగు పొడలు ఎంతో అందంగా ఉంటాయి. కాని అక్కడి రైతులకు కావలసింది రాళ్ళదారిలో నడిచే కాళ్ళు, దుక్కి దున్నే సత్తువ. ఆ ఎంపిక పశువు బతుకుకూ పనికొచ్చింది. కేవలం కంటికి నచ్చాలని చేసే ఎంపికలో జంతువు సంగతి ఎవరు అడుగుతారు?

మనమే అడగాలని నా అభిప్రాయం. పొట్టిదాన్ని మామూలుదానితో జతపరిస్తే రెండు పొట్టి జన్యువులు ఒకే పిల్లకు రావు, ఆ చావులూ ఉండవు. మార్గం అంత సులువు! కనుక ఎవరైనా "ఇది పెరగదు" అని అమ్మజూపితే, "దీని తల్లిదండ్రులు రెండూ పొట్టివేనా?" అని అడగండి. జవాబు రాకపోతే కొనకండి. పసితనంలో ఏ కుందేలైనా చిన్నదే సుమా!

ముద్దుగా ఉందని మురిసిపోవడం తప్పు కాదు. ఆ ముద్దుకు మూల్యం ఎవరు చెల్లించారో కనుక్కోవడం సైన్సు చదివేవారి బాధ్యత.