సుషేణుని మాట విన్న రాముడు

పసిబిడ్డ గుండెలో రంధ్రం ఉన్నదని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రం ఇంట్లో మొదట వినిపించే మాట మందు గురించి కాదు, డబ్బు గురించీ కాదు. "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నామో" అన్నదే ఆ మాట. కాసేపటికి "చేసుకున్నామో" కాస్తా "చేసుకున్నదో" అవుతుంది. అందరిదీ అయిన పాపం ఉన్నట్టుండి ఒక్క బాలింత ఒడిలో వచ్చి పడుతుంది. గ్రహణం నాడు గడప దాటిందని ఒకరు, పుట్టింటివారి నాగదోషమని ఇంకొకరు, కడుపుతో ఉండగా ఇలవేల్పును మరిచిందని మరొకరు. ఆదివారం పూట భక్తి పుటను శ్రద్ధగా చదివే మనవంటి వారి ఇళ్ళలోనే ఈ మాటలు ఎక్కువగా వినబడతాయన్నది నా అభియోగం.

కర్మ సిద్ధాంతాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. అయితే కర్మగతి గహనమైనదని గీతలో చెప్పినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు. భగవానుడే గహనమన్న లెక్కను పొరుగింటివారు గోడ మీదుగా ఒక్క పూటలో తేల్చివేయడం ఏమి శాస్త్రం? వైద్యశాస్త్రం చెప్పేది వినండి. గర్భంలో శిశువు గుండె నాలుగు గదులుగా రూపుదిద్దుకోవడం మొదటి ఎనిమిది వారాలలోనే దాదాపు పూర్తవుతుంది. తాను తల్లిని కాబోతున్నానని ఆమెకు రూఢిగా తెలిసేసరికే ఆ పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది. పుట్టే ప్రతి 1000 మంది శిశువులలో 8 నుంచి 10 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందని అంచనా. వారిలో అత్యధికుల విషయంలో ఫలానాదే కారణమని ఏ వైద్యుడూ వేలెత్తి చూపలేడు. గర్భిణికి తొలి మాసాలలో రుబెల్లా సోకడం, అదుపులో లేని మధుమేహం, కొన్ని మందులు, జన్యు లోపాలు తెలిసిన కారణాలలో కొన్ని. మేనరికాలలో ఈ లోపాల అవకాశం కొంత పెరుగుతుందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. మన సీమలో మేనమామకు పిల్లనివ్వడం ఉన్నదే కనుక ఆ సంగతి దాచనక్కరలేదు. కానీ ఆ సంబంధం కుదిర్చినది ఆ పిల్ల కాదు గదా! తాంబూలాలు పుచ్చుకున్న పెద్దలే ఇప్పుడు పాపం ఎవరిదని ఆరా తీస్తారు.

అనంతపురం వంటి కరవు నేలలో ఈ మాటలకు మరింత బరువు. వానను నమ్మి వేరుశనగ వేసి, పెట్టుబడి మట్టిలో కలిసి, బెంగళూరుకు కూలికి పోయే కుటుంబంలో ఇటువంటి బిడ్డ పుడితే ఒకప్పుడు చేయగలిగినది మొక్కుకోవడం ఒక్కటే. కదిరి నరసింహునికో, కసాపురం ఆంజనేయునికో, గూగూడు కుళ్ళాయిస్వామికో ముడుపు కట్టి కనిపెట్టుకుని ఉండేవారు. ఆ నిస్సహాయతను ఎవరూ తప్పుపట్టలేరు. కాని 1991 నవంబరు 22న పుట్టపర్తి చెంత ప్రశాంతిగ్రాంలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రి ఈ మెట్ట నేలలో వెలిసింది. బాబాను కొలిచేవారూ కొలవనివారూ అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాలలో శ్రీకాకుళం, మహబూబ్‌నగర్‌లతో పాటు అనంతపురం ఉంది. ఆ తరువాత పథకం పేర్లు మారాయి కాని, చిన్నపిల్లల గుండె చికిత్స అందులో కొనసాగింది. 2021 అక్టోబరులో తిరుపతిలో దేవస్థానం వారు శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించారు. 2022లో పుట్టపర్తి కొత్త జిల్లాకు కేంద్రమయింది. అంటే డబ్బు అనే గోడ కూలిపోలేదు గాని, దాటగలిగినంత తగ్గింది. ఇక మిగిలిన పెద్ద అడ్డు ఆలస్యం.

ఈ ఆలస్యంలో భక్తులమైన మన పాత్ర ఎంత అన్నది ఆలోచించండి. మూఢం వెళ్ళాక చూద్దామంటాం, ఆషాఢం దాటనిమ్మంటాం, పుట్టువెంట్రుకలు తీయించాక బయలుదేరదామంటాం. గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉన్న బిడ్డకు ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట అనబుద్ధి కాదు. ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ కనుక రక్తం రంధ్రం గుండా కుడివైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు ఉండవలసిన దానికంటే ఎక్కువగా ప్రవహిస్తుంది. ఆ ఉధృతికి ఊపిరితిత్తుల రక్తనాళాలు క్రమంగా గట్టిపడతాయి. ఒక దశ దాటితే రంధ్రం మూయడం మేలుకు బదులు కీడు చేస్తుంది. అప్పుడు ఎంత గొప్ప సర్జనైనా చేతులు కట్టుకోవలసిందే. మరోపక్క, చిన్న రంధ్రాలు కొన్ని వాటంతట అవే మూసుకుపోతాయి. అలా మూసుకుపోయిన బిడ్డ ఇంట్లో ఫలానా మొక్కు ఫలించిందన్న కథ పుడుతుంది. సంతోషమే. ఆ కథ విని, పెద్ద రంధ్రం ఉన్న పక్క ఊరి బిడ్డ తల్లి ఏడాది ఆగుతుంది. ఆ ఏడాదికి బాధ్యులెవరు?

పాలు తాగుతూనే అలసిపోయి వదిలేయడం, తాగేటప్పుడు నుదుట చెమట, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా, ఏడ్చినప్పుడు పెదవులు గోళ్ళు నీలమెక్కడం, ఆటలో పరుగెత్తి చటుక్కున గొంతుక్కూర్చోవడం. వీటిలో ఏది కనబడినా పంచాంగం తెరవకండి. 2013 నుంచి అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే ప్రభుత్వ వైద్య బృందాలున్నాయి. వారు రాసిచ్చిన చీటీని దేవుడి పటం వెనుక దోపి మరచిపోవద్దు.

వాల్మీకి రామాయణం యుద్ధకాండలో రావణుని శక్తి తగిలి లక్ష్మణుడు నేలకూలిన ఘట్టం మీకు తెలిసినదే. రాముడు విలపించాడు. ఇక యుద్ధమెందుకు, బతుకెందుకు అన్నంతగా కుంగిపోయాడు. అప్పుడు దగ్గరకు వచ్చినవాడు సుషేణుడు. తార తండ్రి, వానరులలో వైద్యుడు. అతడు ధైర్యవచనాలతో సరిపెట్టలేదు. లక్ష్మణుని ముఖకాంతి చెడలేదనీ, ఒళ్ళు నల్లబారలేదనీ, అరచేతులు ఎర్రగానే ఉన్నాయనీ చూసి చెప్పి, ప్రాణం ఉన్నదని నిర్ధారించాడు. పిమ్మట హనుమంతుని పిలిచి ఏ ఓషధులు కావాలో పేర్లతో సహా చెప్పి పంపాడు. శల్యాన్ని వెలికితీసేది విశల్యకరణి, పోయిన వన్నెను తిరిగి తెచ్చేది సావర్ణ్యకరణి, ప్రాణం నిలిపేది సంజీవకరణి, తెగినదాన్ని అతికేది సంధాని. మన సినిమాలు, హరికథలు హనుమంతుడు కొండనెత్తిన వేగాన్నే చూపడం వల్ల కాబోలు, కొండను తెప్పించిన వైద్యుడి పేరు చాలామందికి గుర్తుండదు.

నీలిబిడ్డల ఆపరేషన్ గురించి చదివినప్పుడల్లా నాకు సావర్ణ్యకరణి గుర్తుకు వస్తుంది. 1944 నవంబరు 29న అమెరికాలోని బాల్టిమోర్‌లో, హెలెన్ టాసిగ్ అనే వైద్యురాలి ఆలోచన మేరకు సర్జన్ ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒక నీలిబిడ్డకు తొలిసారిగా శస్త్రచికిత్స చేశాడు. ఆ పద్ధతిని ప్రయోగశాలలో సాధన చేసి సిద్ధం చేసిన నల్లజాతి సహాయకుడు వివియన్ థామస్ అతని వెనుక నిలబడి సూచనలిచ్చాడు. నేటి ఆపరేషన్లు ఎంతో ముందుకు పోయాయి. అయినా సర్జను పని ముగిశాక బిడ్డ పెదవులకు, గోళ్ళకు తిరిగివచ్చే ఎరుపు అదే ఎరుపు. రాముడు ఏడ్చాడన్నది, వైద్యుని మాట విన్నాడన్నది ఒకే సర్గలో ఉన్నాయి. దుఃఖపడినందుకు ఆయనను ఎవరూ అవిశ్వాసి అనలేదు. ఆపరేషన్ గది బయట కూర్చున్న తండ్రి గోడవైపు తిరిగి కన్నీళ్ళు తుడుచుకోనవసరం లేదు.

ఇప్పుడు బిడ్డ సంగతి. నాలుగైదేళ్ళ పిల్లను బస్సెక్కించినప్పుడు "యాడికి పోతాండామ్మా?" అని అడుగుతుంది. "తిర్నాలకు" అంటారు. కాకుంటే "అవ్వ వాళ్ళింటికి" అంటారు. ప్రేమతో ఆడిన అబద్ధమే. కాని తిరునాళ్ళకని బయలుదేరి సూదుల మధ్య కళ్ళు తెరిచిన బిడ్డ ఆ తరువాత అమ్మ చెప్పే ఏ మాటను నమ్మాలి? మార్కండేయుని కథ మనం ఆయుష్షు కోసం చెప్పుకుంటాం. అందులో తల్లిదండ్రుల పాత్రను కాస్త గమనించండి. పదహారవ ఏడు సమీపిస్తుంటే వారు కుమిలిపోతారు, ఎందుకని బాలుడు అడుగుతాడు, తండ్రి మృకండుడు ఉన్నమాట చెబుతాడు. చెప్పాడు కాబట్టే ఆ బాలుడు తనకు కావలసిన ఆధారం వెతుక్కున్నాడు. చిన్నపిల్లకు అంతటి సత్యం అక్కరలేదు. "నీ గుండెలో చిన్న చిల్లి ఉంది, డాక్టరు కుడతాడు. నువ్వు నిద్రపోతుంటావు, అప్పుడు నొప్పి తెలియదు. లేచాక కొంచెం నొప్పి ఉంటుంది, మందిస్తారు. నిన్ను చూడడానికి అమ్మ లోపలికి వస్తుంది." ఈ నాలుగు మాటలు చాలు. బొమ్మకు కట్టుకట్టి ఆడించండి. ఇది నీవు అల్లరి చేసినందుకు పడిన శిక్ష కాదని స్పష్టంగా చెప్పండి. పిల్లలు అడగరు గాని, అలాగే అనుకుంటారు.

ఆపరేషన్ రోజు కొన్ని కఠినమైన నియమాలుంటాయి, భక్తి వాటి ముందు తలవంచాలి. మొలతాడు, తాయెత్తు, నల్లపూసలు, గాజులు తీసేయమంటారు. వాటిని కొంగున కట్టుకోండి. రక్ష పోయిందని బెంగపడకండి, కట్టిన దైవం తాడులోనే ఉండిపోడు. చెప్పిన గడువు తరువాత బిడ్డకు ఏమీ పెట్టకూడదు. "ఒక్క చుక్క తీర్థమే కదా, ఒక్క పలుకు ప్రసాదమే కదా" అని అవ్వలు చాటుగా నోట వేస్తారు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. తెలియక పెట్టి ఉంటే వెంటనే నర్సుకు చెప్పండి. తిడుతుందేమోనని దాచవద్దు. ఆ తరువాత గాయం మీద విభూతి గాని, పసుపు గాని, కుంకుమ గాని అద్దరాదు. నుదుట పెట్టుకుంటే చాలదా?

ఐసీయూలో మీరు చూడబోయేది ముందే తెలుసుకుని వెళ్ళండి. ముఖం ఉబ్బి ఉండవచ్చు. గొంతులో గొట్టం ఉన్నంతసేపు బిడ్డ ఏడ్చినా శబ్దం రాదు. రొమ్ము మీద కట్టు, పక్కన గొట్టాలు, తీగలు. గొట్టం తీశాక మొదట అడిగేది నీళ్ళు. గుండెకు భారం కాకుండా నీటిని మిల్లీలీటర్లలో లెక్కపెట్టి ఇస్తారు. బిందెడు నీళ్ళ కోసం మైళ్ళు నడిచిన ఊళ్ళ తల్లికి, పక్కనే నీళ్ళు పెట్టుకుని బిడ్డకు ఇవ్వలేకపోవడం ఎంత నరకమో వేరే చెప్పాలా? నర్సు అనుమతిస్తే తడి దూదితో పెదవులు అద్దండి. అంతకు మించి ఇవ్వవద్దు.

తల్లిని చూడగానే బిడ్డ భోరుమంటుంది. "మీరొస్తే ఏడుస్తోంది, రాకండి" అనే మాట కొన్నిచోట్ల వినవలసి వస్తుంది. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన రెండేళ్ళ పాప ఆసుపత్రిలో గడిపిన రోజులను 1952లో చలనచిత్రంగా చూపాడు. తల్లి దూరమైన బిడ్డ నోరు మెదపకుండా ఉంటే ఊరడిల్లినట్లు కాదు, లోలోపల ఆశ వదులుకుంటున్నట్లు అని అతడు వాదించాడు. మొదట వైద్యులు మండిపడ్డారు. 1959లో ప్లాట్ నివేదిక తల్లిదండ్రుల రాకపై ఆంక్షలు సడలించాలని సిఫారసు చేసింది. అంటువ్యాధుల భయం వల్ల ఐసీయూకు నియమాలు తప్పవు. ఇచ్చిన పది నిమిషాలను మాత్రం వదులుకోకండి. చేయి పట్టుకుని, ఇంట్లో రోజూ పాడే జోలపాటో, నామమో మెల్లగా పలకండి. నామజపానికి అంతకు మించిన సమయం మరొకటి నాకు తోచదు.

ఇంటికి వచ్చాక రొమ్ము ఎముక అతుక్కునేదాకా, సుమారు ఆరు వారాలు, చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. ఒక చేయి మెడ కింద, ఒక చేయి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. చుట్టాలందరికీ ఇది చెప్పాలి, ఎందుకంటే ప్రేమగా ఎత్తుకునేది వారే. పండ్లు శుభ్రంగా తోమించాలి. చిగుళ్ళ నుంచి రక్తంలో చేరిన క్రిములు గుండెకు పట్టే ప్రమాదం కొందరికి ఉంటుంది. చెవులు కుట్టించే ముందు, జాతర జనంలోకి తీసుకుపోయే ముందు డాక్టరును అడగండి. మొక్కు తీర్చడానికి మరో ఏడాది జాతర ఉండనే ఉంది.

ఆడపిల్లయితే మరో మాట చాటుగా మొదలవుతుంది: "రొమ్ము మీద గాటు పడితే రేపు ఎవరు చేసుకుంటారు?" ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అవసరమైన పిల్లలలో మగపిల్లలతో పోలిస్తే ఆడపిల్లలకు అది తక్కువగా జరుగుతున్నట్లు తేలింది. పెళ్ళి దిగులు అందులో ఒక కారణం. అమ్మవారి నవరాత్రులు తొమ్మిది రోజులూ చేసే ఇళ్ళలో ఈ మాట పుట్టడం నాకు మింగుడు పడదు. ఆ గాటును మెడ దాకా గుండీలు పెట్టి దాచకండి. డాక్టరు ఒప్పుకున్నాక బడికి పంపండి, పరుగెత్తనివ్వండి. ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు, ఎకో రిపోర్టులు మాత్రం ఇంటి పట్టా పుస్తకంతో పాటు పెట్టెలో భద్రం చేయండి. ఇరవై ఏళ్ళ తరువాత ఆమె నీళ్ళోసుకున్నప్పుడు డాక్టరు మొదట అడిగేది ఆ కాగితాలనే.