నడిమి సీటులో కూర్చుని చూడండి

కార్ల గురించి రాసేవాళ్లంతా స్టీరింగ్ వెనక కూర్చునే రాస్తారు. ఎంత లాగింది, మలుపులో ఎలా తిరిగింది, బ్రేకు ఎక్కడ పట్టింది, అన్నీ ఒక్క మనిషి అనుభవాలే. మిగతావాళ్ల సంగతి ‘వెనక ముగ్గురు సర్దుకోవచ్చు’ అన్న ముక్కతో సరి. ఆ సర్దుకునే ముగ్గురిలో నేనొకదాన్ని. సూరత్‌లో, మేముండే అడాజన్‌లో బండి నేనే నడుపుతాను. మా ఆయన హజీరా ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో వెళ్తారు కాబట్టి బండి రోజంతా నా చేతిలోనే ఉంటుంది. మా ఊరు జగిత్యాలకు బయల్దేరితే మాత్రం ఆయన నడుపుతారు. ముందు సీటు మామయ్యది, అందులో చర్చ లేదు. వెనక ఒక కిటికీ అత్తమ్మది, ఇంకో కిటికీ మా అమ్మాయిది. నడుమ నేను.

రెండు సీట్ల రుచీ తెలిసినదాన్ని గనక చెబుతున్నాను. కాంపాక్ట్ ఎస్‌యూవీ అనే ఈ బండి ముందు కూర్చునేవాళ్లకు నిక్షేపంగా ఉంటుంది. వెనక కూర్చునేవాళ్ల గురించి దాన్ని తయారుచేసేవాళ్లు గానీ, పన్ను వేసేవాళ్లు గానీ, భద్రతకు నక్షత్రాలు ఇచ్చేవాళ్లు గానీ పెద్దగా ఆలోచించినట్టు లేదు. మా బండి పేరు రాయను. ఈ తరగతిలో ఎవరి బండి పేరు పెట్టుకున్నా కథ ఇంచుమించు ఇదే.

మంచి మాట ముందు చెప్పాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. మా పాత చిన్న కారులో ఎక్కాలంటే కిందికి జారిపడాలి, దిగాలంటే ఒకరు చెయ్యి పట్టి లాగాలి. ఇందులో సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తుకు వస్తుంది. వీపు తిప్పి కూర్చుని, కాళ్లు లోపలికి తెచ్చుకుంటే చాలు. ‘గిది మంచిగున్నది బిడ్డా, మంచం మీద కూసున్నట్టే ఉన్నది’ అన్నది మొదటి రోజే. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ ఒక్క సుఖానికే బండి డబ్బులు గిట్టుబాటవుతాయని నా అభిప్రాయం. ఊళ్లలో జనం ఇవి ఎందుకు కొంటున్నారని పట్నం మేధావులు ఆశ్చర్యపోతుంటారు గానీ, మన ఇళ్లలోని మోకాళ్లను లెక్కపెడితే జవాబు దొరుకుతుంది. 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు టాటా పంచ్. ఇంకా పొట్టిదే, కానీ ఎత్తుగా కూర్చోబెట్టే బండి. ఏళ్ల తరబడి మారుతీ చిన్న కార్లదే అయిన మొదటి స్థానాన్ని అది లాగేసుకుంది.

ఊళ్లో నడపడానికీ ఎత్తు పనికొస్తుంది. ఆనంద్ మహల్ రోడ్డులో సాయంత్రం పూట స్కూటర్లు ఏ వైపు నుంచి వస్తాయో దేవుడికే తెలియాలి. పైనుంచి చూస్తే కనీసం ముందున్నవన్నీ కనబడతాయి. పక్కలకు మాత్రం ఆ భరోసా లేదు. అద్దం పక్కనుండే స్తంభం ఎంత లావంటే, గుజరాత్ గ్యాస్ సర్కిల్ దగ్గర కుడికి తిరిగేటప్పుడు ఒక నిండు మోపెడ్, దాని మీది ఇద్దరు మనుషులు దాని చాటుకు వెళ్లిపోతారు. ముందుకు వంగి, తల అటూ ఇటూ ఆడించి చూసుకోవాలి. వెనక అద్దం సంగతి సరేసరి. అది కిటికీ కాదు, వెంటిలేటరు. కెమెరా లేకుండా రివర్స్ చేస్తే అపార్ట్‌మెంటు పిల్లల అదృష్టం మీద ఆధారపడ్డట్టే.

ఇక అసలు సంగతి. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, టాటా నెక్సాన్, మారుతీ బ్రెజా, ఈ నాలుగూ నాలుగు కంపెనీల బండ్లు. సోనెట్ మన పెనుకొండ దగ్గర తయారవుతుంది, ఆ ముచ్చట వేరు. కానీ నాలుగింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే. నలుగురు దర్జీలు నాలుగు ఊళ్లలో ఒకే కొలతకు ఎలా కుట్టారు? కొలత ఇచ్చింది ఆర్థిక శాఖ. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి దించారు. పొడవు 4,000 మిల్లీమీటర్లు దాటకుండా, ఇంజిన్ పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిలుదైతే 1,500 సీసీ మించకుండా ఉంటే అది చిన్న కారు. ఆ తర్వాత ఎక్సైజ్ పోయి జీఎస్టీ వచ్చింది, ఆ గీత మాత్రం చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. గీత దాటకూడదని అందరూ అయిదు మిల్లీమీటర్లు ఇవతలే ఆగారు.

ఇందులో తమాషాలూ ఉన్నాయి. బ్రెజా పొడవు తగ్గించుకుని గీతకు ఇవతలే ఉంది గానీ దాని పెట్రోలు ఇంజిన్ 1,462 సీసీ కావడంతో పన్ను మాత్రం పెద్ద బండిదే పడుతుంది. ఇంకో తమాషా, 2022 డిసెంబరులో ఎక్కువ సెస్సు ఎవరికి పడాలో తేలుస్తూ జీఎస్టీ మండలి ఎస్‌యూవీకి నాలుగు లక్షణాలు చెప్పింది. జనం దాన్ని ఎస్‌యూవీ అనాలి, ఇంజిన్ 1,500 సీసీ దాటాలి, పొడవు నాలుగు మీటర్లు దాటాలి, నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం 170 మిల్లీమీటర్లయినా ఉండాలి. నాలుగూ కుదిరితేనే ఎస్‌యూవీ. అంటే మా బండి టీవీ ప్రకటనలో ఎస్‌యూవీ, పన్నుల ఖాతాలో చిన్న కారు. నడిమి సీటులో కూర్చున్నప్పుడు నాకు పన్నుల ఖాతావాళ్ల మాటే నిజమనిపిస్తుంది.

నాలుగు మీటర్లలో ఏం పడుతుందో చూడండి. ముందు ఇంజిన్, గుద్దుకుంటే నలగడానికి కొంత జాగా. అక్కడ కోత పెట్టడానికి లేదు. డ్రైవరు కాళ్ల దగ్గర కోస్తే టెస్ట్ డ్రైవ్‌లోనే దొరికిపోతారు. ఇక మిగిలింది వెనక భాగం. అందుకే ఎత్తు పెంచి మనుషుల్ని నిటారుగా కూర్చోబెడతారు, సీటు పలకను పొట్టిగా చేస్తారు. దాంతో మోకాళ్ల ముందు చోటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, తొడల కింద ఆసరా ఉండదు. నడిమి మనిషికి ఇంకొన్ని బహుమానాలున్నాయి. కాళ్ల మధ్య నేల ఉబ్బుగా ఉంటుంది, కుడికాలు ఒక వైపు, ఎడమకాలు ఒక వైపు పెట్టుకోవాలి. ముందు సీట్ల మధ్య నుంచి వెనకవాళ్ల కోసమని పెట్టిన ఏసీ గొట్టం డబ్బా సరిగ్గా మోకాలి చిప్పల దగ్గరికి వస్తుంది. వీపు ఆనించేది మెత్తటి సీటుకు కాదు, మడత పెట్టిన ఆర్మ్‌రెస్టు వీపుకు. రెండు పక్కలా బెల్టు బకిళ్లు తుంటిలో గుచ్చుకుంటాయి.

మా ఊరి దారి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. బార్డోలీ, వ్యారా, సోన్‌గఢ్ దాటి నవాపూర్ దగ్గర మహారాష్ట్రలోకి వెళ్తాం. కొండాయిబారి ఘాట్, ధూలే, మళ్లీ చాలీస్‌గావ్ తర్వాత కన్నడ్ ఘాట్. అటు నుంచి సంభాజీనగర్, నాందేడ్, బాసర, నిజామాబాద్, మెట్‌పల్లి. ఘాట్‌లో ఎత్తు బండి పక్కలకు ఊగుతుంది. డ్రైవరుకు పట్టుకోవడానికి స్టీరింగ్ ఉంది, కిటికీ వాళ్లకు పైన హ్యాండిల్ ఉంది. నడిమి మనిషికి అటు అత్తగారు, ఇటు కూతురు. మా అమ్మాయికి ఇంకో బాధ. ఈ బండ్లకు అందం కోసమని కిటికీ గీత వెనక్కి పోయేకొద్దీ పైకి లేపుతారు. పిల్ల ఎత్తుకు బయట ఆకాశం తప్ప రోడ్డు కనిపించదు. శరీరం ఊగుతుంటే కళ్లకు కదలిక కనిపించకపోతే కడుపులో తిప్పుతుంది. పాత కారులో ఎన్నడూ వాంతి చేసుకోని పిల్ల ఇందులో ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టుకుని కూర్చుంటుంది.

డిక్కీ గురించి ఎక్కువ చెప్పను. పోయేటప్పుడు సూరత్ చీరలు, వచ్చేటప్పుడు పసుపు, బియ్యం, తొక్కు జాడీలు. సూరత్ తెలుగువాళ్లందరి సామాను ఇదే. లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల మీద పనిచేసే మావాళ్లు ఎక్కే ప్రైవేటు బస్సుల టాపు మీదా ఇదే ఉంటుంది. మాకు సామాను పడుతుంది. మా పక్క ఫ్లాటువాళ్లది సీఎన్‌జీ బండి. గుజరాత్‌లో సీఎన్‌జీ అంటే ప్రాణం, ఖర్చు కలిసివస్తుంది. కానీ డిక్కీలో సిలిండరు పడుకుని ఉంటే పెట్టెలు ఎక్కడికి పోతాయి? మళ్లీ వెనక సీటు మీదికే. మైలేజీ గురించి మగవాళ్లు గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు వచ్చాక ఆ మాటలు ఇంకా పెరిగాయి. దానికోసం తయారవని బండ్లలో మూడు నుంచి ఆరు శాతం దాకా తగ్గవచ్చని ప్రభుత్వమే 2025లో చెప్పింది.

నీళ్ల మాట చెప్పాలి, ఎందుకంటే ఇది తాపీ ఒడ్డు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది, అడాజన్, రాందేర్‌తో సహా. ఇక్కడి పాతకాపులు వాన అనగానే బండి ఎత్తు గురించి ఆలోచిస్తారు. షోరూములో చెప్పే ఎత్తు ఖాళీ బండిది. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండాక అడుగు ఎంత కిందికి వస్తుందో ఎవరూ చెప్పరు. అసలు నీళ్లలో బండిని కాపాడేది అడుగు ఎత్తు కాదు, ఇంజిన్ గాలి పీల్చే గొట్టం ఎంత పైన ఉందన్నది. అది నీళ్లు మింగిందా, సిలిండర్లో నీరు నలగదు కాబట్టి లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు బీమాలో ఈ ఖర్చు సాధారణంగా రాదు, ఇంజిన్ రక్షణ అని విడిగా కట్టించుకోవాలి. ఎస్‌యూవీ కదా అని ధైర్యం చేసేవాళ్లే వానాకాలం గ్యారేజీలో ఎక్కువగా కనిపిస్తారు.

ఇప్పుడు నక్షత్రాలు. ఈ తరగతి బండ్లు మన దేశానికి చేసిన మేలు ఒకటుంది, భద్రత గురించి మధ్యతరగతి మాట్లాడేలా చేశాయి. 2018 డిసెంబరులో నెక్సాన్‌కు కార్లను గుద్దించి పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ అయిదు నక్షత్రాలు ఇచ్చినప్పుడు అది వార్త అయింది. 2023 అక్టోబరు నుంచి మనకే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. బాగుంది. అయితే ఆ పరీక్షలో పెద్దవాళ్ల బొమ్మలను కూర్చోబెట్టేది ముందు సీట్లలో. వెనక పెట్టేవి పసిపిల్లల బొమ్మలు, అవీ పిల్లల సీట్లలో. పెద్దవాళ్లకు అయిదు నక్షత్రాలు అంటే ముందున్న పెద్దవాళ్లకు అని చదువుకోవాలి. మా అత్తమ్మ వయసు మనిషి వెనక కూర్చుంటే ఏమవుతుందో ఆ నక్షత్రాలు చెప్పవు.

ఈ లెక్కను సూరత్ నుంచి ముంబయికి పోయే దారిలో ఒకసారి దేశమంతా చూసింది. 2022 సెప్టెంబరు 4న ఉద్వాడా నుంచి ముంబయికి వెళ్తూ పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు గుద్దుకుంది. అది ఖరీదైన ఎస్‌యూవీ. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకున్న మిస్త్రీ, జహంగీర్ పండోలే బెల్టు పెట్టుకోలేదు, ఇద్దరూ పోయారు. ఆ వారం మా అపార్ట్‌మెంటులో అందరూ సీటు కవర్ల కిందికి చేతులు పెట్టి బెల్టు బకిళ్లు వెతుక్కున్నారు. అలవాటు ఎంతకాలం ఉందో నేను చెప్పక్కర్లేదు. ఉంచడానికి బండి కూడా సహకరించాలి కదా. నడిమి సీటుకు భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, ఒళ్లోకి మాత్రమే వచ్చే పాతరకమా? తల వెనక ఆసరా ఉందా? ఈ రెండూ బ్రోచరులో ఎక్కడో చివర, చిన్న అక్షరాల్లో ఉంటాయి. సన్‌రూఫ్ మొదటి పేజీలో ఉంటుంది.

షోరూములో నాకు ఎదురైంది కూడా ఇదే. సేల్స్ కుర్రాడు మా ఆయనకు టర్బో గురించి చెప్పాడు. నా వైపు తిరిగి ‘బెన్, రంగు మీరు చెప్పండి’ అన్నాడు. వెనక నడుమ కూర్చుంటానంటే, అక్కడ ఎవరూ కూర్చుని చూడరన్నాడు. నిజమే, చూడరు. కొనేది ఒకరు, కూర్చునేది ఇంకొకరు.

ప్రభుత్వం పన్ను రాయితీ ఇవ్వదలుచుకుంటే పొడవును కొలవడం మానేసి, అయిదుగురికీ భుజం బెల్టు, తలకు ఆసరా, వెనక పెద్దవాళ్ల బొమ్మలతో పరీక్ష ఉన్న బండికి ఇవ్వాలి. ఇరవై ఏళ్ల నాటి టేపుతో ఇంకా కొలవడమేమిటి? కంపెనీలు నిండా మనుషులెక్కిన బండి అడుగు ఎత్తు ఎంతో రాయాలి. అంతవరకూ కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి, నడుమ ఇంట్లో అందరికన్నా పెద్దావిడను కూర్చోబెట్టి గతుకుల రోడ్డు మీద తిప్పమనండి. ఒప్పుకోరు, ఎందుకంటే అయిదుగురూ మీరే ఎక్కితే సేల్స్ కుర్రాడికి చోటుండదు. మా పక్క పేట పాల్‌లో ఉండే విజయనగరం వాళ్లమ్మాయి నా మాట విని పట్టుబట్టింది. కుర్రాడు చివరికి ఒప్పుకుని, హనీ పార్క్ రోడ్డు పొడుగునా తన స్కూటీ మీద వాళ్ల వెనకాలే వచ్చాడట.