ఎనిమిది మార్కులు

మా మేనల్లుడు సి.ఏ. ఇంటర్మీడియట్ రెండో గ్రూపు తప్పాడు. మూడు పేపర్లలోనూ 40 దాటాడు గాని, మొత్తం 300కు 150 రావలసింది, 142 వచ్చాయి. పుస్తకాలు అటకెక్కాయి. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మామా, ఆ ఎనిమిదీ మన నవీపేట సంతలో దొరుకుతాయా?" అన్నాడు. నా నోరు మూతపడింది.

శనివారం మేకల సంతకు నా వెంట వచ్చాడు. అక్కడొక ముసలమ్మ, "బిడ్డా, నాలుగు మేకలమ్మిన, లాభమెంతో జర చెప్పు" అంది. కొన్న ధర, అమ్మిన ధర చెప్పి ఊరుకుంది. వీడు ఊరుకోలేదు. మేత, మందులు, ఆటో కిరాయి అడిగి అడిగి కలిపాడు. లాభమనుకున్నది నష్టమని తేలింది.

"గీ మాట ముందుగాల చెప్పెటోళ్ళు లేకపాయె!" అని నిట్టూర్చిందామె.

ఆ రాత్రి కాస్టింగ్ పుస్తకం ఒక్కటే అటక దిగింది. అందులో 60 వస్తే, గ్రూపు తప్పినా తర్వాతి మూడు విడతలు ఆ పేపరు రాయనక్కరలేదట.

ఉత్సాహం వచ్చాక చదువుదామంటే అది రాదు. రోజుకు రెండు లెక్కలు చేస్తే వెతుక్కుంటూ అదే వస్తుంది. నరికిన మోడు నుంచే చెరకు మళ్ళీ పిలకేస్తుందని బోధన్ రైతుకు తెలుసు. ఆ పంటకు ఏడాది కావాలి. ఈ పరీక్ష 2024 నుంచి ఏడాదికి మూడుసార్లు వస్తోంది!